వెలిజార్ మీడియా సంస్థ, నలుపు తెలుపుల్లో

గాబ్రోవో అనే ఊళ్ళో వెలిజార్ తొమ్మిదేళ్ళుగా బ్లాగు రాస్తున్నాడు. క్యాబేజీ ఊరగాయ గురించి. అన్నేళ్ళు రాయడానికి క్యాబేజీలో ఏముందని మాత్రం ఆయన్ని అడక్కండి. మొదలుపెడతాడు.

రెండేళ్ళ కిందట, ఊరవేసే పీపాలో అమ్మ గుప్పెడు మొక్కజొన్న గింజలు వేసేదన్న ఇంటి గుట్టును బ్లాగులో పెట్టేశాడు. అప్పటినుంచి అక్క స్తామెనా మాట్లాడటం మానేసింది. నాలుగు వీధుల అవతలే ఉంటుంది, ఫోనెత్తదు. వెలిజార్‌కు కావలసింది ఒక్కటే, అక్క మళ్ళీ తన గుమ్మం తొక్కాలి. ఆ ముక్క వెళ్ళి ఆమెతోనే చెప్పొచ్చు. అంత తేలికైన పని మగవాళ్ళు చేస్తారా? మీడియా సంస్థ పెట్టాడు.

"ఒక్క బ్లాగుతో ఏమవుద్ది బావా?" అన్నాడు బావమరిది ల్యూబెన్. రాజధాని సోఫియాలో మూడు కంపెనీలు మూయించి వచ్చిన అనుభవశాలి. "జనం చదవటం మానేశారు. చూపించాలి, వినిపించాలి. అన్ని వైపుల నుంచీ మీద పడాలి."

"అక్క కూడా వింటదంటావా?"

"తప్పించుకునే దారే ఉండదు."

వీడియో ఛానెల్ వచ్చింది. వినే కార్యక్రమం వచ్చింది. అందులో పావుగంట సేపు పీపా బుడబుడలాడుతుంది. శుక్రవారం శుక్రవారం ఈమెయిలు. నెల తిరిగేసరికి అన్నిటికీ కలిపి పదకొండు మంది చేరారు, అందులో నలుగురు ల్యూబెనే. అక్క జాడ లేదు.

"అయితే వీధిలోకి దిగుదాం," అంటూ ల్యూబెన్ పోస్టరు తయారుచేశాడు. పైన వెలిజార్ ఫొటో, కింద "తొమ్మిదేళ్ళు మన మధ్య మెలిగిన వెలిజార్ కొత్త లోకంలో అడుగుపెట్టాడు" అన్న మాట. రంగు సిరా దండగ, నలుపు చాలన్నాడు వెలిజార్. పిసినారితనానికి పేరుమోసిన గాబ్రోవో మనిషి మరి. హుందాగా ఉంటుందని ల్యూబెన్ చుట్టూ నల్లగీత కొట్టాడు. వంద కాగితాలు స్తంభాలకూ, బస్‌స్టాపుకూ, ఇంటి గేటుకూ అంటించారు. ఊళ్ళో ఎవరు పోయినా నల్లగీత మధ్య ఫొటోతో చావు కబురు అంటించేది సరిగ్గా అక్కడే. పుట్టినప్పటినుంచీ వాటిని చదువుతున్న ఆ ఇద్దరు మేధావులకూ సంగతి తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి రాద్కా, చావింట పెట్టే తీపి గోధుమల గిన్నెతో వచ్చింది. తలుపు తీసింది వెలిజారే. గిన్నె నేలపాలైంది.

ఆమె వెనకే స్తామెనా. తలకు నల్ల రుమాలు, చేతిలో పది ఎర్ర పూలు. ఆ ఊళ్ళో పూలు బతికున్నవాళ్ళకు బేసి సంఖ్యలో ఇస్తారు, పోయినవాళ్ళకు సరి సంఖ్యలో. తమ్ముణ్ణి చూసి గోడ పట్టుకుంది.

"ఒరేయ్... ఉన్నావా?"

"ఉన్నానక్కా. అది ప్రకటన."

"నీ ప్రకటన తగలెయ్య! స్తంభం దగ్గరే నా కాళ్ళు చచ్చుబడ్డాయిరా!" వీపు మీద ఒక్కటిచ్చి, అక్కడే ఏడ్చేసింది. ఏడుస్తూనే అందుకుంది. "అయినా అమ్మ వేసేది గుప్పెడా? రెండు గుప్పెళ్ళు! తొమ్మిది చోట్ల తప్పు రాశావు."

వెలిజార్ వీపు రుద్దుకోవడం ఆపాడు. "తొమ్మిది చోట్లా... నువ్వు చదువుతున్నావా?"

"మాట్లాడకపోతే చదవకూడదా? మొదటి రోజు నుంచీ చదువుతున్నా."

లోపలినుంచి ల్యూబెన్ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "బావా, పొద్దుట్నుంచి మన ఛానెల్ మూడు వేల మంది చూశారు! నువ్వింకో రెండ్రోజులు ఎవరికీ కనపడకుండా ఉంటే..."

స్తామెనా గుత్తిలోంచి ఒక పువ్వు లాగి ల్యూబెన్ జేబులో గుచ్చింది. మిగిలినవి తమ్ముడి చేతిలో పెట్టి, గుమ్మం దాటి లోపలికి నడిచింది.

"పీపా ఎక్కడ పెట్టావురా?"

వెలిజార్ పూలు లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది.