రేడియేటర్లో ఉత్త నీళ్లు

బానెట్లు ఎత్తిపెట్టుకుని "నా ఇంజను డెబ్భై రెండు డిగ్రీలు దాటదు", "నాది డెబ్భయ్యే" అంటూ రొమ్ము విరుచుకునే మగాళ్లను చూస్తే మినెకోకి చిరాకేసేది. మత్సుమొతో ఊరి చివర కురొగోచి మేస్త్రీ షెడ్డులో పద్ధెనిమిదేళ్లుగా మెకానిక్కు ఆమె. ఇంజనుకి కావలసింది చల్లదనం కాదురా నాయనా, నిలకడగా ఒకే వేడి అని చెబితే వినేవాడు ఒక్కడుంటేగా! మేస్త్రీ మరీ ఘోరం. వచ్చిన ప్రతి కారులోంచీ వేడిని ఒకే తీరున ఉంచడానికి కంపెనీ పెట్టిన థర్మోస్టాట్ పీకి చెత్తబుట్టలో పడేసేవాడు.

"కంపెనీ వాళ్లు ఒట్టి పిరికి సన్నాసులు! ఆడవాళ్లు బజారుకెళ్లి ముల్లంగి తెచ్చుకోడానికి చేసిన అమరిక అది" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు పళ్లికిలించేవాళ్లు. ఆ నవ్వు వింటే ఆమెకి చేతిలో స్పానర్ విసిరికొట్టాలనిపించేది.

ఆ శరదృతువులో హొసొగాయ గారు కారు తెచ్చి, తాళాలు మినెకో చేతిలో పెట్టారు. డెబ్భై నాలుగేళ్లాయన, టోఫు కొట్టు నడిపి మానేశారు. ముప్ఫై మూడో ఏట కొన్న కారు అది. ఆ ఇంజను బ్లాకు, అదే ఇంజనుకి ఒళ్లయిన పోత ఇనుప దిమ్మ, ఇప్పుడు ఎవరూ చెయ్యరు, దేశమంతా గాలించినా దొరకదు. ఈ వయసులో ఇక కారు నడపనని, కొత్త సంవత్సరం లోపల లైసెన్సు తిరిగిచ్చేస్తానని కూతురికి మాటిచ్చారు. ఈలోగా పాతకార్ల క్లబ్బు పోటీలో ట్రాకు మీద పది చుట్లూ ఆగకుండా తిరగాలి, అదొక్కటే ఆయన కోరిక. కిందటేడు మూడో చుట్టులోనే కారు బుసబుసా ఆవిర్లు కక్కింది. జెండా ఊపి అందర్నీ ఆపేసి, తాడు కట్టి ఈడ్చుకొచ్చారు.

"మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదమ్మా. నాకు హాయిగానే ఉందనుకో, కానీ పరువు పోయింది కదా!" అన్నారాయన.

మినెకో ఆ కారు మీద ఆరు వారాలు పనిచేసింది. మందపాటి రేడియేటర్ పెట్టింది. దాని చుట్టూ సందుల్లోంచి గాలి జారిపోకుండా రేకులు కోసి, అంచులకి స్పాంజి అతికి, వచ్చిన గాలంతా రేడియేటర్లోంచే దూరి పోయేట్టు బిగించింది. థర్మోస్టాట్ జోలికి మాత్రం మేస్త్రీని రానివ్వలేదు. దానికోసం రెండు రోజులు పోట్లాడింది.

ఆ ట్రాకు మీదికి కూలెంట్, అంటే నీళ్లు గడ్డకట్టకుండా రేడియేటర్లో కలిపే మందు, పోసిన బండిని రానివ్వరు. పొరపాటున కారిందంటే జిడ్డుగా పరుచుకుని వెనకొచ్చేవాళ్లు జారిపోతారు. అందుకని అందరూ ఉత్త నీళ్లు పోసుకునొచ్చి, తిరిగాక మళ్లీ కూలెంట్ నింపుకునే ఇంటికి బయల్దేరతారు. నవంబరు మూడో ఆదివారం సాధన చుట్లు జరిగాయి. హొసొగాయ గారి కారు ఎనిమిది చుట్లు తిరిగినా వేడి చూపించే ముల్లు కదల్లేదు. ముసలాయన హెల్మెట్ తీసేసరికి కళ్లనిండా నీళ్లు. మేస్త్రీ ఆయన వీపు తడుతూ, "చూశారా నా సెట్టింగ్!" అన్నాడు. అబ్బ, ఏం సిగ్గులేని మనిషి! రేకు కోసుకుని వేలికి కట్టు కట్టుకున్నది ఎవరు, ఊరేగుతున్నది ఎవరు?

అసలు పోటీ వచ్చే ఆదివారమే గనక కారుని షెడ్డులోనే ఉంచుకున్నారు. "నీళ్లు అలాగే ఉండనీ. నీళ్లకి మించి చల్లబరిచేది ఏముంది? ముప్ఫై ఏళ్లుగా చలికాలంలోనూ వదిలేస్తున్నాను, ఏమైంది?" అన్నాడు మేస్త్రీ.

ఏమీ కాలేదు, నిజమే. ఆ ముప్ఫై ఏళ్లూ బళ్లు లోపల, చలికి వెలిగించే స్టవ్ పక్కన ఉన్నాయి. ఈసారి లోపల చోటంతా ఎవరో డబ్బున్నవాడి మెరుపుల కారు ఆక్రమించింది. రోడ్డు మీద పోయేవాళ్లకి కనపడాలని దాన్ని గాజు తలుపు వెనక నిలబెట్టాడు మేస్త్రీ. హొసొగాయ గారి కారు బయట రేకు పందిరి కిందికి పోయింది.

బుధవారం సాయంత్రం షెడ్డు మూసే వేళకి, తెల్లారేసరికి సున్నాకి ఏడు డిగ్రీల కిందికి పోతుందని రేడియోలో చెప్పారు.

"మేస్త్రీ, ఆ కారులో నీళ్లు దింపేస్తాను" అంది మినెకో.

"దింపితే ఆదివారం మళ్లీ నింపి లోపలి గాలి బుడగలు తియ్యాలి. ఎవడు కూర్చుంటాడు గంటసేపు? నా సెట్టింగ్ ముట్టుకోకు!"

"నేను కూర్చుంటాను."

"ముట్టుకోవద్దన్నానా? ప్రతిదానికీ నీకు భయమే. కంపెనీలో చేరవే, సరిగ్గా సరిపోతావ్!"

మినెకోకి ఒళ్లు మండిపోయింది. చేతిలో స్పానర్ ఉంది. వంగి బోల్టులు వదులు చేస్తే పది నిమిషాల పని. సరే, కానియ్యి, అనుకుంది. ఏ గొట్టమో పగులుతుంది, నలుగురిలో వీడి మొహం మాడిపోతుంది, అప్పుడు తెలుస్తుంది వెధవకి. స్పానర్ని గోడకి తగిలించి, తలవంచి "సరేనండీ" అని ఇంటికెళ్లిపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

పొద్దున వచ్చేసరికి పందిరి కింద ఇంజను పక్క కంతలకి బిగించిన ఇనుప బిళ్లలు రెండు ఊడిపడి ఉన్నాయి, ఆ కంతల్లోంచి మంచు పొడుచుకొచ్చింది. పైన, బ్లాకు ఒంటి మీద, జానెడు పొడుగున పగులు. గొట్టాలన్నీ బాగానే ఉన్నాయి.

ఫోను చేస్తే హొసొగాయ గారు బస్సులో వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని ఆ పగులు వెంబడి వేలు పోనిచ్చారు. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"పాత పోత ఇనుమండీ. వయసైపోయింది, ఎప్పుడో ఒకప్పుడు పగలాల్సిందే. ఏమంటావ్ మినెకో?"

థూ! ఇంత బతుకూ బతికి ఇనుము మీదికి నెడుతున్నాడు.

"ఇనుము తప్పేం లేదండీ" అంది మినెకో. "లోపలి నీళ్లు గడ్డకట్టి పగిలింది. దింపుతానంటే ఈయన వద్దన్నాడు."

మేస్త్రీ మొహం జేవురించింది. పద్ధెనిమిదేళ్లుగా ఆమె ఎదురుచూసిన మొహం అదే. హొసొగాయ గారు దాని వైపైనా చూడలేదు.

"గడ్డకడుతుందని నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"నిన్న సాయంత్రమండీ."

"దింపడానికి ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

"మరి?"

చెప్పకుండా ఉండొచ్చు. వద్దన్నాడు కదా, అదే చాలు. కానీ ఆయన కళ్లలోకి చూస్తూ అబద్ధం నోట రాలేదు.

"ఈయనకి బుద్ధి రావాలని వదిలేశానండీ" అంది.

ఆయన నెమ్మదిగా లేచి, మోకాళ్ల మన్ను దులుపుకున్నారు.

"ఇతను మూర్ఖుడని నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసమ్మా" అన్నారు. "అందుకే కారు నీకు అప్పజెప్పాను."

టోపీ పెట్టుకుని బస్సు స్టాపు వైపు నడిచారు. మినెకో నడుం వంచి తల దించుకునే నిలబడింది, ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.