బిడ్డ వెనక లైటు

మా అమ్మాయి పెర్సిస్ కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసైన రోజు ఇంట్లో అందరికంటే ఎక్కువ పొంగిపోయింది నేనే. పరీక్ష రాసింది తను, స్వీటు బాక్సు పట్టుకుని గల్లీ అంతా తిరిగింది నేను. ఇక ముందున్నది పరుగు. ఎనిమిది వందల మీటర్లు, వాళ్లు పెట్టిన టైములోపల. అందులో పోతే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. వచ్చేసరికి పిల్లకు వయసు దాటినా దాటుతుంది. పొద్దంతా తనకు మెడికల్ షాపులో డ్యూటీ, సాయంత్రం గ్రౌండంతా క్రికెట్ ఆడేవాళ్లది. కాబట్టి ప్రాక్టీసు తెల్లారక ముందే, హవేలిఘనపూర్ రోడ్డు మీద చెయ్యాలి.

మా ఇంట్లో ఆఖరి తీర్పు మా అమ్మ సువార్తమ్మది.

"ఆడివిల్ల చీకట్ల ఒక్కతి ఉరుకుడేంది? మోసెస్, నువ్వు తోడు పోతనంటె పోనీ. బిడ్డ నీ కండ్ల ముంగట్నుంచి పోవద్దు. పోయిందంటె ఇగ గీ ఉరుకుడు బంద్."

"నేనున్న కదనే అమ్మా" అన్నాను. నాకు నలభై ఏడేళ్లు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, మెట్లెక్కి పై అంతస్తు క్లాసుకు పోయేసరికి అటెండెన్స్ పిలవడానికి గొంతు రాదు. ఇవేవీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఒక్కటే, తలకు కట్టుకునే లైటు ఒకటి కొనాలని.

ఏ కొత్త పని మొదలుపెట్టినా నాకు ముందు సామాను కావాలి. యోగా చేద్దామని చాప కొన్నాను, దాని మీద ఇప్పుడు మా అమ్మ వడియాలు పెడుతోంది. మా బజారులో తలకు కట్టుకునే లైట్లకు కొదవ లేదు. రాత్రిపూట మోటరు పెట్టడానికి పొలం పోయే రైతులంతా అవే కట్టుకుంటారు. కానీ సైన్సు సారు రైతు లైటు కట్టుకుని ఉరికితే ఏం బాగుంటుందని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. ల్యూమెన్లు, వెలుగు దగ్గరగా పరుచుకునే రకం, దూరంగా సూటిగా పోయే రకం, వానకు తడిచినా పాడు కానివి. చూసిన వీడియోలన్నీ కలిపితే ఆ టైములో నేను నిజంగా ఉరికి ఉంటే ఈపాటికి చేగుంట దాకా పోయి వచ్చేవాణ్ని.

పెర్సిస్ ఒక్కమాట అంది. "డాడీ, తేలికది చూడు. ఉరుకుతుంటె ఊగొద్దు. మనం ఇంటికొచ్చేదాక బ్యాటరీ ఆగాలె. గంతే."

పిల్లకేం తెలుసనుకున్నాను. అన్నిటికంటే ఎక్కువ వెలుగున్నది తెప్పించాను. ముందు లైటు, వెనక బ్యాటరీ డబ్బా, మధ్యలో నా తల. కట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే అమ్మ వచ్చి, "లారీ లెక్కున్నవ్ రా" అని పోయింది.

మొదటి రోజే దాని సంగతి తెలిసింది. అడుగు వేసినప్పుడల్లా డబ్బా నా మెడ మీద మొట్టికాయ వేస్తోంది, లైటు ముక్కు మీదికి జారుతోంది. పట్టీ బిగిస్తే నుదుటి మీద అడ్డంగా ముద్ర పడింది. ఫస్ట్ పీరియడ్‌లో పిల్లలు "సార్, తలకు దెబ్బ తాకిందా?" అని జాలిపడ్డారు. మొత్తం వెలుగు పెట్టుకుని పోతే సగం దారిలోనే బ్యాటరీ అయిపోయింది. ఊరిలో ఉన్న పురుగులన్నిటికీ నా మొహం అడ్రసు దొరికింది. నోరు తెరవకుండా ఆయాసపడడం ఎట్లాగో ఆ వారంలోనే నేర్చుకున్నాను. తర్వాత మెల్లమెల్లగా దారికొచ్చాను. కింద పల్చటి టోపీ పెట్టి పైన పట్టీ కట్టడం, సగం వెలుగే పెట్టుకోవడం, రాత్రే చార్జింగ్ పెట్టడం తెలిసింది. పెర్సిస్ మొదట చెప్పింది కూడా ఇదే, కానీ ఆ మాట తనతో అనలేదు.

లైటు ఎవరి తలకుండాలన్న ప్రశ్నే మాకు రాలేదు. మాది లైటు పట్టే ఇల్లు. డిసెంబరులో రాత్రిపూట ఇంటింటికీ పోయి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్ రౌండ్లకు పెట్రోమాక్స్ లైటు మోసేది మా నాయన యోసేపు, ఆయన తర్వాత నేను. దానికో పద్ధతి ఉంది. లైటు పట్టేవాడు ముందు నడవకూడదు. పాడేవాళ్ల వెనకాల ఉండి, వాళ్ల భుజాలకు కాస్త పైగా ఎత్తి పట్టాలి. అప్పుడు వెలుగు వాళ్ల చేతుల్లోని పాటల పుస్తకాల మీద పడుతుంది. తెలియక ముందుకు పోతే, "కండ్లల్ల కొడ్తున్నది, ఎనుకకు రారా మోసెస్" అని ఆడవాళ్లు పాట ఆపి మరీ తిట్టేవాళ్లు. ఆ చదువు నా ఒంట్లో ఇంకిపోయింది. అందుకని రోడ్డు మీద కూడా పెర్సిస్ ముందు, లైటుతో నేను వెనక. బిడ్డ కళ్ల ముందే ఉన్నది కాబట్టి అమ్మ షరతు కూడా తీరింది.

విచిత్రం ఏమిటంటే, నేను తనను అందుకుంటున్నాను. ఇరవై మూడేళ్ల పిల్ల, పొద్దున లేస్తే గుంజిళ్లు తీసే పిల్ల, ఎంత ఉరికినా నాకు నాలుగడుగుల దూరం దాటడం లేదు. మూడో వారానికి నాకు పొగరెక్కింది. స్టాఫ్‌రూంలో కాళ్లు చాపుకుని కూర్చుని, "నా స్టామినా సంగతి నాకే తెల్వకపాయె గాబ్రియేలు సార్" అన్నాను. గాబ్రియేలు మా బడి డ్రిల్లు సారు. ఆయన నా పొట్ట వైపొకసారి చూసి చాయ్ తాగాడు.

ఆ శనివారం సాయంత్రం ఆయనే మా బడి గ్రౌండులో క్రికెట్ వాళ్లను కాసేపు ఆపి, సున్నం గీసి, పోయిన నెలలాగే స్టాప్‌వాచ్ పట్టుకుని పెర్సిస్‌ను ఉరికించాడు. గీత దాటగానే వాచీ చూసి తల గోక్కున్నాడు.

"పోయిన నెల కన్న స్లో అయింది సార్. గిట్లయితె కష్టం."

పెర్సిస్ వంగి బూటు లేసు ఊడదీసి మళ్లీ కట్టుకుంది. చాలాసేపు కట్టుకుంది. నేను గాబ్రియేలు సారును ఆ వాచీ సరిగ్గా ఉందా అని అడిగాను.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ తీర్పు ఇచ్చేసింది. "ఉరుకుడు తగ్గేదానికి చీకట్ల తిరుగుడెందుకు? ఏ కుక్కనో కరిస్తె, ఏ బండో గుద్దితె? ఇగ బంద్ చేయుండ్రి."

పెర్సిస్ కంచం ముందు నుంచి లేచిపోయింది. నేను అమ్మను బతిమాలి బతిమాలి సోమవారం ఒక్క రోజు ఇప్పించుకున్నాను. తర్వాత పోయి బిడ్డకు పట్టుదల గురించి, క్రమశిక్షణ గురించి లెక్చరు ఇచ్చాను. "నీ వయసుల నేను..." అని కూడా మొదలుపెట్టాను. ఆ వయసులో నేను చేసింది ఏదీ లేదు గనుక ఆ మాట అక్కడే ఆగిపోయింది.

సోమవారం ఇంకా చీకటుండగానే బండి మీద ఊరు దాటి, దాన్ని రోడ్డు పక్కన పెట్టి పరుగు మొదలుపెట్టాం. కాసేపటికి నాకు మళ్లీ నోరు దురద పెట్టింది.

"జర జోరుగ ఉరుకు బిడ్డా! నాసొంటోడే నిన్ను అందుకుంటున్నడంటె..."

పెర్సిస్ ఆగిపోయింది. వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. "లైటు ఇటియ్యి డాడీ."

ఇచ్చాను. తను కట్టుకుంది.

"ఇప్పుడు నువ్వు ముందట ఉరుకు. నేను ఎనుక ఉంట."

ఉరికాను. నా ముందు రోడ్డు లేదు. నల్లటి మనిషి ఒకడు నా పాదాల దగ్గర మొదలై, పొడుగ్గా పడుకుని ఉన్నాడు. నేను కాలు వేయాల్సిన చోటల్లా వాడే ఉన్నాడు. అటూ ఇటూ తుమ్మచెట్లు కనిపిస్తున్నాయి, దూరంగా మైలురాయి కనిపిస్తోంది, నా కాలి కింది తారు మాత్రం కనిపించడం లేదు. గుంత ఉందో రాయి ఉందో తెలియక, పెళ్లి పందిట్లో కొత్త చెప్పులేసుకున్నవాడిలా తడుముకుంటూ నాలుగడుగులు వేసి నిలబడిపోయాను.

ఏటేటా ఎనిమిదో తరగతిలో కొవ్వొత్తి వెలిగించి, దాని ముందు డస్టర్ పెట్టి, నీడ ఎటు పడుతుందో చూపిస్తాను. తప్పు రాసినవాడి చేత పదిసార్లు రాయిస్తాను. పాటల పుస్తకం చేతుల్లో ఉంటుంది, రోడ్డు కాళ్ల కింద ఉంటుంది, అంత చిన్న తేడా నా బుర్రకు తట్టలేదు.

"నెల సంది గిట్లనే ఉరుకుతున్నవా?"

"ఆఁ."

"చెప్పొద్దా మరి?"

"చెప్దామనుకున్న. నువ్వు లైటు తెచ్చి మస్తు సంబురంగ ఉన్నవ్." బూటుతో తారు మీది కంకరరాయిని పక్కకు నెట్టింది. "మల్ల లైటు నేను కట్టుకుంటె నువ్వు చీకట్ల ఉరకలేవు. ఎనుకవడ్తవ్. ఎనుకవడ్డవని తెలిస్తె నానమ్మ బంద్ చేస్తది. అందుకే నీకు అందేటట్టు ఉరుకుతున్న."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నా స్టామినా అని ఊరంతా చాటుకున్నది నా బిడ్డ నాకు వేసిన భిక్ష. తన నౌకరీని నా కాళ్లకు కట్టుకుని ఈడ్చింది, ఈడ్చలేక వెనకబడితే నేను తనకే పట్టుదల గురించి చెప్పాను. సిగ్గుతో కాసేపు తన మొహం చూడలేకపోయాను. చూద్దామన్నా లైటు నా కళ్లలోనే ఉంది.

దగ్గరికి పోయి పట్టీని జడ కిందికి పోనిచ్చి, జారకుండా సరిచేశాను. వెలుగు తన పాదాలకు కాస్త ముందు పడేట్టు లైటును కిందికి వంచాను.

"నువ్వెట్ల డాడీ?"

"నీ లైటు వెలుగు నాకు ఎంత దూరంకెల్లి అయినా కనవడ్తది. నా కండ్ల ముంగట్నే ఉన్నట్టు. నానమ్మకు నేను చెప్పుకుంట."

"నీ కోసం ఆగాల్నా?"

"ఆగితె మంచిగుండదు చెప్తున్న. పో."

పోయింది. నెల రోజులు నేను ఆ పిల్ల వీపు చూశాను గానీ పరుగు చూడలేదు. ఇప్పుడు చూశాను. బూట్ల చప్పుడు చకచకా దూరమై, కాసేపటికి వినిపించనే లేదు. లైటు వెలుగు కల్వర్టు దాటింది, మలుపు దగ్గరికి పోయి అగరుబత్తి నిప్పంత అయింది. నేను చీకట్లో దోమలు కొట్టుకుంటూ నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. గర్వమే ఎక్కువ, కానీ ఇంత తొందరగా ఇంత దూరం పోవాలా అని కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

ఊరి వైపు నుంచి ఒక ఆటో వచ్చి నా పక్కన ఆగింది. మా గల్లీ బద్రుద్దీన్, పొద్దున్నే కూరగాయల కోసం హవేలిఘనపూర్ పోతున్నాడు.

"సలాం సార్. గీ అంధేరాల ఒక్కరే నిలవడ్డరేంది?"

"బిడ్డకు తోడొచ్చిన."

"బిడ్డేది మరి?"

చెయ్యెత్తి చూపించబోయాను. ఆటో వెలుగులో ఎదురుగా తెల్లటి రోడ్డు తప్ప ఇంకేమీ లేదు.

"గా మలుపు కాడుంది" అన్నాను.

"అరే, గంత దూరమా! ఎక్కుండ్రి సార్, జర్రసేపట్ల అందుకుందాం."

"వద్దు బద్రుద్దీన్. నేను గట్ల అందుకోవట్టే ఆమె గింత ఎనుకవడ్డది. నువ్వు ముందుగాల నీ లైటు బంద్ చెయ్యి. నా బిడ్డ కనవడ్తలేదు."