ఖాళీ గడి

ఆస్పత్రి కింది అంతస్తులోని దుప్పట్ల గదికి వచ్చి మూడు నెలలైనా, ఆ నర్సు ప్రాణం మాత్రం పై వార్డులోనే ఉంది. రెండు గంటలకొకసారి ఆమె చేతులు మడత మధ్యలో వాటంతటవే ఆగిపోయేవి. పైన రోగులను పక్కకు తిప్పే వేళ అది.

తప్పు ఆమెదే. ఆ రోజు ముప్పై మంచాలకు ఇద్దరే నర్సులు. తర్వాత తీరిక దొరకదని, కదల్లేని రోగులను తిప్పినట్టు సాయంత్రం దాకా చార్టులో గడులన్నీ పొద్దున్నే నింపేసింది. ఎలాగూ తిప్పుతాను కదా అనుకుంది. తిప్పలేకపోయింది. చార్టు నిండుగా కనిపించేసరికి ఇంకెవరూ తిప్పలేదు. కాళ్ళు చచ్చుబడిన ఒక ముసలమ్మకు నడుము కింద చర్మం కమిలి, నాలుగు రోజుల్లో పుండైంది. ఎవరూ ఆమెను అనుమానించలేదు. తనే వెళ్ళి హెడ్ నర్సుకు చెప్పుకుంది.

నర్సులంతా చాటున అత్తగారని పిలుచుకునే ఆ హెడ్ నర్సు తిట్టలేదు. కొన్నాళ్ళు కింద ఉండమంది. ఇప్పుడేమో, ఇష్టమైతే కిందే ఉండిపోవచ్చని, ఏదో ఒకటి సాయంత్రంలోగా చెప్పమని కబురు పెట్టింది. ఇంట్లో అమ్మ సంబరపడిపోయింది. దుప్పట్లకు జ్వరాలు రావు, హాయిగా ఉండవే అంది. ఆమెకు మాత్రం అన్నం సయించలేదు.

మధ్యాహ్నం ఆయమ్మ రాలేదన్న వంకతో ఉతికిన దుప్పట్లు తనే పైకి మోసుకెళ్ళింది. ముసలమ్మ మంచం దగ్గర కొత్తగా చేరిన నర్సు చార్టు రాస్తోంది. గడియారంలో రెండు. ఆ పిల్ల పెన్ను అప్పుడే ఆరింటి గడి మీదికి పోతోంది.

"ఆగమ్మా. అవి ఖాళీగా వదిలెయ్."

"ఖాళీ కనిపిస్తే అత్తగారు నన్ను ఉతికి ఆరేస్తారక్కా."

"ఆరేస్తే నేను మడతపెడతాలే. ఖాళీగా ఉంటేనే ఎవరైనా చూసి వస్తారు. నింపేశావంటే ఇక ఎవరూ రారు."

ఆమె అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది. ఇద్దరూ కలిసి ముసలమ్మను మెల్లగా తిప్పారు. పుండు సగానికి మానింది. చుట్టూ లేత చర్మం వస్తోంది.

"ఇన్నాళ్ళూ ఏమైపోయావే?" అంది ముసలమ్మ.

"ఈ పుండు నా వల్లే పడింది పెద్దమ్మా."

"తెలుసు. మీ పెద్ద నర్సమ్మ చెప్పింది. నువ్వు చేసిన పుండు మానకముందే పోతే ఎలా? నాలుగింటికి వస్తావా?"

వస్తానని చెప్పడం ఇంకా ఆమె చేతిలో లేదు. తిన్నగా హెడ్ నర్సు గదికి వెళ్ళింది.

"నన్ను మళ్ళీ వార్డులో వెయ్యండి మేడమ్."

ఇప్పటికీ ముప్పై మంచాలకు ఇద్దరేనని, ఏమీ మారలేదని హెడ్ నర్సు అంది.

"తెలుసు మేడమ్. నాకు కుదరకపోతే గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు మీరే వచ్చి తిప్పాలి."

హెడ్ నర్సు డ్యూటీల పుస్తకం తెరిచి పెన్ను అందుకుంది. ఆ నర్సు గుమ్మంలోనే నిలబడి వార్డులోంచి వస్తున్న దగ్గులూ, మూలుగులూ, మందుల ట్రాలీ చప్పుడూ వింటూ ఉంది, గోడ అవతల పుట్టింటివాళ్ళు మాట్లాడుకుంటున్నట్టుగా.