వంకర జడలు

కోర్టులో తన భర్త ఎలా పోయాడో అడుగుతారని ఆమె అనుకుంది. ఆయన లిఫ్టు మెకానిక్కు. కేబుల్ అరిగిపోయిందని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా కంపెనీవాళ్ళు చెవిన పెట్టలేదు. చివరికి ఆ లిఫ్టే ఆయన్ని పొట్టన పెట్టుకుంది. తప్పు కంపెనీదేనని పొద్దున్నే తేలిపోయింది. ఇప్పుడు నష్టపరిహారం తేల్చడానికి ఆయన ఎలా బతికాడో అడుగుతున్నారు.

“మీవారు ఇంట్లో ఏ పనులు చేసేవారమ్మా?” అన్నాడు ఆమె లాయరు.

“ఆయనా? ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టేవారు కాదు!” ఇరుగుపొరుగుతో అనే మాట అలవాటుకొద్దీ అనేసి నాలుక్కరుచుకుంది.

లాయరు తల పట్టుకున్నాడు. కంపెనీ లాయరు ముఖం చాటంతయింది.

జడ్జిగారు మాత్రం ముందుకు వంగారు. “నిదానంగా గుర్తు చేసుకోమ్మా. ఎంత చిన్న పనైనా చెప్పు.”

“పాపకి రోజూ జడలు వేసేవారండీ. కేబుళ్ళు బిగించే చేతులు కదా, ఎంత గెంతినా ఊడేవి కావు. కానీ ఒకటి చెవికి పైన, ఒకటి చెవికి కింద. అలా బడికి పంపితే నలుగురూ నవ్వరా అని పోట్లాడేదాన్ని.”

టైపిస్టు ఆ జడలను కూడా టకటకా ఎక్కించేసింది. ఆమె తలెత్తి చుట్టూ చూసింది. ఇంతెత్తు గదిలో ఇందరు నల్లకోట్లవాళ్ళు తన ఇంటాయన వేసిన వంకర జడల గురించి చెవులు రిక్కించి వింటున్నారు! ఆయన బతికుండగా తనే వాటిని ఒక పని అనుకోలేదు.

“ఇప్పుడెవరు వేస్తున్నారు?” అన్నారు జడ్జిగారు.

“నేనేనండీ. సమానంగా వేస్తే విప్పేసుకుంటోంది, నాన్నలా వెయ్యమని ఏడుస్తోంది. ఎంత తంటాలు పడ్డా ఆ వంకర నాకు రావడం లేదండీ.”