తోక కోసినా తెగని సంఖ్య

నేను ఒక సంఖ్యను. పేరు కాస్త పొడుగు, ఊపిరి పీల్చుకుని చదవండి. ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు. అంకెల్లో అయితే 73939133. నన్నెవరూ కనలేదు. మనుషులకు లెక్కపెట్టాలన్న బుద్ధి పుట్టకముందే ఉన్నాను, అడిగేవాడే లేడు. ఒకటితోనూ నాతోనూ తప్ప దేనితో భాగించినా ఎంతో కొంత శేషం మిగిల్చి పంపిస్తాను.

నాకు ఒళ్లంటూ దొరికింది గవర్రాజు కలప మిల్లులో. ఏ దుంగనైనా వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా కోస్తానని అతని గొప్ప. అంతకంటే గొప్పది అతని మీసం. అది గుమ్మం దాటిన కాసేపటికి మనిషి దాటేవాడు. బల్లచెక్క కోసం వచ్చిన లెక్కల మేస్టారు కోటిలింగంగారు ఆ గొప్పలు విని విని, సుద్దముక్కతో నన్నొక టేకు చెక్క మీద రాశారు.

"దీన్ని శేషం మిగలకుండా సమానంగా కొయ్యి గవర్రాజూ. తెగకపోతే వెనకనించి ఒక్కో అంకే తీసేసుకుంటూ పో. ఎక్కడ తెగినా నా గొడుగు నీది. ఎక్కడా తెగలేదో, మీసం తీసెయ్యాలి."

గుమాస్తా మూడు రోజులు కాలిక్యులేటర్ నొక్కాడు. చూపుడువేలు అరటిపండంత వాచింది గానీ నేను తెగలేదు. గవర్రాజు చిత్రిక పట్టి చివరి మూడును లేపేశాడు. 7393913. తెగలేదు. ఇంకో మూడు పోయింది. అయినా తెగలేదు. తోక పోయేకొద్దీ బలం తగ్గుతుందని ప్రతిసారీ అతని ఆశ. 73939, 7393, 739, 73... ఆఖరికి చెక్క మీద ఒంటి ఏడు మిగిలింది. ఏడును మాత్రం ఎవడు పంచగలడు?

క్షౌరం చేసే సింహాద్రికి కబురు వెళ్లింది. ఎడమవైపు మీసం నేలరాలేసరికి అన్నం క్యారేజీతో గవర్రాజు భార్య నూకాలు వచ్చింది. సంగతంతా విని మేస్టారి వైపు తిరిగింది.

"ఎంతసేపూ తియ్యడమేనా మేస్టారండీ? ఓ అంకె తగిలించి చూసేరా?"

మేస్టారి మొహం పాలిపోయింది. నా గుట్టు ఆయనకు తెలుసు. ఎంత కోసినా తెగను గానీ, చివర ఏ అంకె అతికించినా తెగిపోతాను. నూకాలు నన్ను మళ్లీ రాయించి, తలలో ఉన్న ఏడునే తోకలోనూ పెట్టమంది. అంకెలన్నీ కూడితే నలభై ఐదు. తొమ్మిదితో శేషం లేకుండా తెగిపోయాను.

ఇది పందెంలో లేదమ్మా అని మేస్టారు గొణిగారు. మీసం ఇంకా సగం ఉందిగా అంది నూకాలు. ఆయన నవ్వేసి, గొడుగు చెక్కకు ఆనించి, సింహాద్రిని ఆపమన్నారు.

గవర్రాజు అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. కుడివైపు కొండ, ఎడమవైపు మైదానం.

"ఇదీ తీసెయ్ సింహాద్రీ," అన్నాడు. "నా మిల్లులో తేడా కోత ఉండకూడదు."

నన్ను చెక్కిన పొట్టును పొయ్యిలో వేసి ఆ రాత్రి నూకాలు అన్నం వండింది. నాకేం పోలేదు. తీసేసినవాళ్లకు లొంగలేదు, చేర్చిన చేతికే లొంగాను, అంతే. ఇప్పుడు చదివారు కనక మీ దగ్గరే ఉన్నాను. అనుమానముంటే కోసి చూసుకోండి. మీసం మాత్రం ఒడ్డకండి.