గొడుగు గుర్తు సంచి

నేను ఒక గుడ్డ సంచిని. బజారులో పుట్టలేదు, అసిరమ్మ ఒళ్లో పుట్టాను. ఆమె కట్టి కట్టి వెలిసిపోయిన నీలం నేతచీర నా ఒళ్లు. పాత ఎర్ర రవికెను గొడుగు ఆకారంలో కత్తిరించి నా మీద కుట్టింది. నాతోపాటు ఒక బుట్టెడు మంది పుట్టారు. ఊళ్లోకి పంచాయతీ ఎన్నికలు రాబట్టి మాకా జన్మ దొరికింది గానీ, లేకపోతే మసిగుడ్డలుగానే పోయేవాళ్లం.

అసిరమ్మ కోడలు గౌరి వార్డు మెంబరుగా నిలబడింది. అదే వార్డుకు అసిరమ్మ తోడికోడలు నీలవేణి తన కోడలు రత్నాన్ని నిలబెట్టింది. రెండిళ్లకూ నడుమ ఒక్క పిట్టగోడే అడ్డం. చింతపండూ, పులిసిన మజ్జిగా, ఊరి కబుర్లూ ఆ గోడ మీదుగానే అటూ ఇటూ నడిచేవి. నన్ను కుడుతుంటే, అసిరమ్మను ‘అప్పా’ అని అక్క వరసతో పిలిచే నీలవేణి తొంగి చూసింది.

“ఏటప్పా, మా కోడల్ని ఓడగొట్టడానికి తెగ కుట్టెస్తన్నావు?”

“నీ నోరూ కుట్టెస్తాను, ఉండవే.”

నవ్వుకున్నారు గానీ అసిరమ్మ పరధ్యానంలో కుట్టినచోటే మళ్లీ కుట్టింది. గౌరి గెలుస్తుందా ఓడుతుందా అన్నది ఆమె బెంగ కాదు. వెనక ఒక ఎన్నికలో సొంత అక్క ఇంటికీ వీళ్లింటికీ మాటలు పోయాయి. అక్క మంచాన పడ్డ కబురు కూడా ఈ గడప తొక్కలేదు. పాడె వీధి దాటాక ఎవరో దారినపోయేవాళ్లు చెప్పారు. అప్పటినుంచి మైకు మోత వినపడితే చాలు, మళ్లీ ఎవరు దూరమవుతారోనని ఆమెకు గుండెదడ.

ఇక నా మీదికి గొడుగు ఎలా వచ్చిందో చెప్పాలి. అది అసిరమ్మ కొడుకు తవుడి తెలివి. పోటీలో ఉన్నవాళ్ల పేర్లను అక్షరాల వరసలో పెట్టి, ఆ వరసలోనే గుర్తులిస్తారు. మొత్తం ముగ్గురు: అప్పలనరసమ్మ అనే మరొకామె, గౌరి, రత్నం. గౌరిది రెండో పేరు, జాబితాలో రెండో గుర్తు గొడుగు. ఇంకేం, గుర్తులు ఇవ్వకముందే తవుడు మమ్మల్ని ఇంటింటికీ పంచేశాడు. అసిరమ్మ తనకోసం దాచుకోబట్టి నేనొక్కదాన్ని ఇంట్లో మిగిలాను.

ఉపసంహరణ రోజున అప్పలనరసమ్మ తప్పుకుంది. వరస ఒక మెట్టు ముందుకు జరిగింది. గౌరికి మొదటి గుర్తు గరిటె వచ్చింది. గొడుగు రత్నానికి పోయింది.

అత్త చేత కుట్టించి, మొగుడి చేత పంచించి, గౌరి ఇల్లు రత్నానికి ప్రచారం చేసిపెట్టింది. మనుషులు ముందుచూపు అంటారే, అది ఇదే కాబోలు.

తవుడు మావాళ్లను వెనక్కి తెచ్చి తగలబెడతానని బయల్దేరాడు. మొదటి ఇంట్లోనే ఒక ముసలమ్మ ఉల్లిపాయలతో నిండిన సంచిని ఒళ్లోకి లాక్కుని కూచుంది.

“ఇచ్చింది మళ్లీ అడగడానికి సిగ్గు నేదేట్రా? ఈ ఉల్లిపాయలు నీ నెత్తి మీద ఎట్టుకోమంటావా?”

ఆ అవమానం దిగమింగలేక ఇంటికొచ్చి గోడ దగ్గర నిలబడి విరుచుకుపడ్డాడు. అప్పలనరసమ్మను కావాలనే తప్పించారని పినతల్లి ఇంటిని తిట్టాడు. అటునుంచి రత్నం మొగుడూ తగ్గలేదు. పొద్దువాలేసరికి గోడ మూగబోయింది.

మర్నాడు అసిరమ్మ నన్ను చంకన పెట్టుకుని, వీధి చుట్టి తిరిగి, నీలవేణి గడప ముందు నిలబడింది.

“నీ కోడలి గుర్తు. నీకాడే ఉండనీ.”

“మీవోడు అన్న మాటలు ఇన్నావా అప్పా?”

“ఇన్నాను. ఆడి నోటికి అడ్డమెయ్యడానికి నా కాడ గుడ్డ నేదే.”

నీలవేణి నవ్వలేదు. అయితే నన్ను తిరిగి ఇవ్వనూ లేదు. మేకుకు తగిలించి లోపలికి వెళ్లిపోయింది.

రత్నం గెలిచింది. వీధిలో డప్పులు మోగాయి. తవుడు తలుపేసుకుని పడుకున్నాడు. గౌరి మాత్రం ఎప్పటిలాగే పొయ్యి రాజేసింది. అసిరమ్మ అరుగు మీద కూచుని, నీలవేణి వాకిట్లోంచి ఎవరైనా ఇటు చూస్తారా అని చూస్తూనే ఉంది. ఎవరూ చూడలేదు. ఆ రోజు అలాగే గడిచింది. మరో రోజూ అంతే.

మూడోనాడు నీలవేణి నన్ను చేతపట్టుకుని అసిరమ్మ అరుగు ఎక్కింది.

“ఏం కుట్టుడప్పా ఇది? పట్టీ ఊడిపోనాది. ఎదటోళ్ల గుర్తవుతాదని ముందే తెలిసి సగమే కుట్టేవేటి?”

అసిరమ్మ అరుగు మీద జరిగి చోటిచ్చింది.

“తే ఇటు. ముందు సూదిలో దారమెక్కించు. నాకు కళ్లు ఆనవు.”

ఇద్దరూ పక్కపక్కన కూచున్నారు. ఒకరు దారం ఎక్కిస్తే ఒకరు కుట్టారు. లోపల్నుంచి గౌరి రెండు గ్లాసుల టీ తెచ్చిపెట్టింది.

అసిరమ్మ కుట్టు అంత తేలిగ్గా ఊడేది కాదు. నీలవేణి ఆ పొద్దున కత్తిపీట ముందు కూచుని, ఇటూ అటూ చూసి, నా పట్టీని తన చేత్తోనే తెంపింది. నాకేమీ నొప్పి అనిపించలేదు.