పోలిరాజు రీడు తడవలేదు

గోవిందరాజు పుట్టుకతోనే అనుమానం మనిషని కలకత్తా ఖిదిర్‌పూర్ తెలుగువాళ్లు అంటారు గానీ అది వట్టి మాట. అనుమానం ఆయనకి పెళ్లితో పాటు వచ్చింది. మామగారు గవరయ్య సొంత కొడుకు పోలిరాజుని పక్కన కూర్చోబెట్టి, వాద్యమండలిలో మొదటి క్లారినెట్ కుర్చీ, దాంతో పాటు మండలి పెద్దరికం అల్లుడికిచ్చాడు. ఇక ఆ రోజు నుంచీ బావమరిది నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

అసలు ఆ మండలిని పెట్టిందే గవరయ్య. శ్రీకాకుళం నుంచి రేవులో కూలికి వచ్చినవాడు, ఒకసారి ఓడ దించుతూ, అందులో వంటవాడు పారేయబోతున్న క్లారినెట్ అడిగి తెచ్చుకున్నాడు. పదిమంది పడుకునే గదిలో ఊదితే తంతారని గంగ ఒడ్డుకెళ్లి ఊదేవాడు. ఆ చప్పుడు విని డోలక్ వచ్చింది, హార్మోనియం వచ్చింది, ఊరి నుంచి సన్నాయి వచ్చింది. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి, ప్రతి క్లబ్బు గోడకీ నాయకుల బొమ్మలు ఎక్కిన రోజుల్లో కూడా మండలి గదిలో గవరయ్య ఫొటో ఒక్కటే ఉండేది. ఆయన క్లారినెట్ మాత్రం కూతురు దాలమ్మ పెట్టెలో, చీరల అడుగున ఉండిపోయింది.

మండలిలో చేరడానికి చందా లేదు, ఊపిరి ఉంటే చాలు. కూలికి వాయించేవాణ్ణి తేకూడదు. వేదిక మీద ఊపిరి చాలక పాట తెగితే, ఆ వాద్యాన్ని అప్పగించి కుర్చీ ఖాళీ చేయాలి, ఇక సభ్యుడు కాడు. సభ్యుడు పోతే మండలి మొత్తం వాయిస్తూ కాటిదాకా సాగనంపాలి. సభ్యుడు కానివాడికి ఆ మర్యాద లేదు. బతుకంతా బస్తాల కింద వంగిన మనుషులకి ఆ చివరి ఊరేగింపు ఎంత ముఖ్యమో ఆ పేటలో ఎవరినడిగినా చెబుతారు.

నిరుడు శ్రీరామనవమికి సన్నాయి నరసయ్య పాట మధ్యలో తెగింది. "ఈ ఒక్క ఏడూ ఒగ్గీ బావూ," అని బతిమాలుతూనే సన్నాయి తెచ్చి గోవిందరాజు ఒళ్లో పెట్టాడు. "రూలు రూలే," అన్నాడు గోవిందరాజు. వానలు పడకముందే నరసయ్య పోయాడు. డోలక్ దెబ్బ కూడా లేకుండా తీసుకెళ్లారు. గోవిందరాజు కూడా శవం వెనక నడిచాడు. చేసింది న్యాయమేనని దారి పొడుగునా తనకి తానే చెప్పుకున్నాడు గానీ ఆ పూట అన్నం సహించలేదు.

ఈ ఏడు నవమి కచేరీ అయ్యాక వాద్యాలు సర్దుతూ గోవిందరాజు తన బావమరిది క్లారినెట్‌ని చేతిలోకి తీసుకున్నాడు. మూతికి కట్టే రీడు సన్నటి గడ్డిబద్ద. ఒక్క పాట ఊదితే చాలు, ఎంగిలికి నాని మెత్తబడుతుంది. గోవిందరాజు వేలితో తడిమి చూశాడు. పొద్దుట పెట్టెలోంచి తీసినట్టు పొడిగా ఉంది.

మరి సాయంత్రమంతా రెండో క్లారినెట్ వాయించిందెవరు?

అప్పటి నుంచి ఆయన కంటికి అన్నీ కనబడటం మొదలైంది. తను గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతున్నాయి. డోలక్ భానుమూర్తి తన మొహం చూడకుండా, బిగించిన తాళ్లనే మళ్లీ బిగిస్తున్నాడు. పోలిరాజు ఓ రోజు టీకొట్టు దగ్గర పెళ్లి బ్యాండు మనిషితో పకపకా నవ్వుతూ దొరికాడు. ఇంకేముంది, గోవిందరాజు లెక్క తేలిపోయింది. కూలికి ఎవణ్ణో తెచ్చి తెర వెనక దాచారు. రేపు తన కుర్చీ లాగేస్తారు, ఎల్లుండి మండలిని పెళ్లి బ్యాండులో కలిపేస్తారు. మామగారి నమ్మకం తన చేతుల మీదుగానే గంగలో కలుస్తుంది.

ఇంటికెళ్లి దాలమ్మని నిలదీశాడు. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది.

"ఓలే, మీ తమ్ముడేటి సేస్తన్నాడో నీకేటైనా తెల్సా?"

"ఆడేటి సేస్తాడు? వాయిస్తన్నాడు."

"రీడు తడవకండానా?"

ఆవిడ చెయ్యి చేటలో ఆగింది. మళ్లీ కదిలింది. "నీకు మడుసుల మీద అనుమానం సాలక ఇప్పుడు గడ్డిబద్ద మీద పడ్డావేటి మావా?"

ఆవిడకీ తెలుసన్నమాట! తోడబుట్టినవాడి పక్షమే పట్టింది. గోవిందరాజు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, విశ్వకర్మ పూజ నాడు అందర్నీ ఒకేసారి పట్టుకోవాలని నిశ్చయించుకున్నాడు.

ఆ రోజు రేవు పేటల మీద ఆకాశం నిండా గాలిపటాలే. గోదాము ముందు వేదిక, వేదిక వెనక నల్ల తెర, తెర వెనక ఆడవాళ్లు గుండిగల్లో కిచిడీ వండుతున్నారు. పార్టీ దాదా ఉపన్యాసం ముగిసేసరికి పొద్దుపోయింది. మండలి వాయించడం మొదలుపెట్టింది. పోలిరాజు పక్క కుర్చీలో బుగ్గలు పూరించి, వేళ్లు ఆడిస్తున్నాడు. గోవిందరాజు ఓరకంట చూస్తున్నాడు.

చివరిది గవరయ్య కట్టిన పాట. అందులో క్లారినెట్లు రెండూ కలిసి పై షడ్జమానికి ఎక్కి నిలవాలి. పోలిరాజు అక్కడ పేరుకే ఉంటాడు, నిలబెట్టేది తనేనని గోవిందరాజు ధీమా. ఈ వయసులో కూడా ఆ స్వరం వణక్కుండా నిలుస్తోందంటే ఆయనకి గొప్ప గర్వం. ప్రతి పండక్కీ ఆ ఒక్క స్వరం కోసమే మీసం దువ్వుకుని కూర్చుంటాడు.

పాట సగంలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో అది కలకత్తాలో వింతేమీ కాదు, ఎవరూ వాయించడం ఆపలేదు. కానీ మైకు చచ్చిపోయింది. స్పీకరు పెట్టెల్లోంచి మోగే మోత ఆగేసరికి ఏ వాద్యం ఎక్కడ మోగుతోందో తేటగా తెలిసింది. రెండో క్లారినెట్ గోవిందరాజు పక్కన లేదు. వీపు వెనక, తెర అవతల మోగుతోంది.

దొరికాడు దొంగ! పెట్రోమాక్స్ వెలిగించేలోగా ఆయన కుర్చీలోంచి జారి, చీకట్లో తెర చుట్టూ తిరిగి వెళ్లాడు.

గుండిగ కింద మంట వెలుగులో, బోర్లించిన చెక్కపెట్టె మీద దాలమ్మ కూర్చుని ఉంది. కొంగు నడుముకి బిగించి, బుగ్గల నిండా గాలి పట్టి, తండ్రి క్లారినెట్ వాయిస్తోంది. చిన్నప్పుడు తమ్ముడితో పాటు తండ్రి దగ్గర నేర్చుకున్న మాట నిజమే, పెళ్లయ్యాక మర్చిపోయి ఉంటుందనుకున్నాడు. ఆవిడ మొగుణ్ణి చూసింది. చూసీ ఆపలేదు.

గోవిందరాజుకి ఒళ్లు మండింది. లాక్కుందామని చెయ్యి చాపాడు. అంతలోనే గుర్తొచ్చింది. పై షడ్జమం వచ్చేస్తోంది, వేదిక మీద తన కుర్చీ ఖాళీ! పాట తెగిపోతుంది, అదీ తన వల్ల! కంగారుగా తన క్లారినెట్ నోటికి ఎత్తబోయాడు.

ఈలోగా స్వరం రానే వచ్చింది. నిటారుగా లేచి, వణక్కుండా, తొణక్కుండా నిలబడింది. ఏళ్ల తరబడి ప్రతి పండక్కీ తనదని మురిసిపోయిన స్వరమే. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. దాలమ్మ మెడ మీది నరాలు మంట వెలుగులో ఉబ్బి కనబడుతున్నాయి.

అవతల జనం ఈలలు వేశారు. "సాబాష్ గోబిందోదా!" అని బెంగాలీ కుర్రాళ్లు చీకట్లోకి కేకలు పెట్టారు.

ఆయన పొయ్యి పక్కన నేల మీద కూలబడ్డాడు. పాట ముగించి, ఆవిడ క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని రొప్పు అణుచుకుంది.

"ఎప్పట్నుంచే?"

"సిమెంటు ఓడలు దించిన కాడ్నుంచి. ఆ దుమ్ముకి నీకూ మా తమ్ముడికీ రొమ్ము పట్టీసినాది. ఆడికి తెల్సింది, నాకాడికొచ్చి ఏడిసినాడు. నీకు తెలీనేదు."

"అందరికీ తెల్సా?"

"నీకు తప్ప."

ఇన్నాళ్లూ గదిలో ఆగిపోయిన మాటలేవో ఇప్పుడు అర్థమయ్యాయి. భానుమూర్తి తాళ్లు ఎందుకు బిగించాడో కూడా అర్థమైంది. పేటలో అందర్నీ అనుమానించినవాడు తన రొమ్ముని ఒక్కనాడూ అనుమానించలేదు.

"మరి నరసయ్యకెందుకు వాయించనేదే?"

దాలమ్మ కళ్లు నిండాయి.

"ఆడిది సన్నాయి కదా మావా. నాకు సన్నాయి రాదు."

కరెంటు వచ్చింది. మైకులో ఆయన పేరు పిలుస్తున్నారు. గోవిందరాజు లేచి, నరసయ్య ఆ రోజు తన ఒళ్లో పెట్టినట్టే, తన క్లారినెట్‌ని దాలమ్మ ఒళ్లో పెట్టాడు.

"ఇదేటి?" అందావిడ.

"రూలు రూలే," అని తెర పక్కకి లాగేశాడు.